నుజ్జయిన కారు విలువ ఎక్కడ తేలుతుంది

ప్రమాదంలో బాగా దెబ్బతిన్న కారు విలువ ఎంత అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. మూడు అంకెలు కావాలి. ప్రమాదానికి ముందు ఆ బండి ఎంత పలికేది, దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి ఎంత ఖర్చవుతుంది, ఇప్పుడున్న స్థితిలో ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత వస్తుంది అన్నవి ఆ మూడు. మొదటి రెండింటి కోసం యజమానులు గట్టిగానే వాదిస్తారు. బీమా వ్యవహారంలో సాల్వేజ్ అని పిలిచే మూడోదాన్ని మాత్రం ఎవరో తుక్కు వ్యాపారి చెప్పే మాటగా భావించి వదిలేస్తారు. నిజానికి చాలా క్లెయిముల్లో తుది ఫలితాన్ని తేల్చేది ఆ మూడో అంకే. ఒక పక్క సముద్రం, మరో పక్క ఘాట్ రోడ్లు, నడుమ పోర్టు లారీలతో కిక్కిరిసిన జాతీయ రహదారి ఉన్న విశాఖపట్నంలో బండి ఏ రకంగా దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి ఈ మూడూ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మారిపోతుంటాయి.

సమగ్ర బీమా ఉన్న కారుకు మొదటి అంకె పాలసీ కాగితం మీదే అచ్చయి ఉంటుంది. వాడుకలో ఐడీవీ అనే ఈ ప్రకటిత విలువను, పాలసీ మొదలయ్యేనాటికి అదే మోడల్‌కు తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర నుంచి బండి వయసును బట్టి తరుగుదల తీసివేసి కడతారు. ఆరు నెలలు దాటని బండికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తగ్గిస్తారు. మోటార్ టారిఫ్ కాలం నాటి ఈ పట్టిక, 2007 జనవరిలో సొంత నష్టం ప్రీమియం రేట్లపై నియంత్రణ ఎత్తివేసిన తర్వాత కూడా పాలసీల్లో కొనసాగుతోంది. రిజిస్ట్రేషన్ ఖర్చు, లైఫ్ ట్యాక్స్, బీమా ప్రీమియం ఈ లెక్కలోకి రావు. షోరూము నుంచి బండి బయటికి తెచ్చేసరికి చేతినుంచి పోయిన మొత్తాన్ని మనసులో ఉంచుకునే యజమానికి ఐడీవీ ఎప్పుడూ తక్కువగానే కనిపించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

ఈ అంకెకు ఉన్న బలం ఏమిటంటే, బండి పూర్తిగా పోయిన సందర్భంలో పాలసీ కాలమంతటికీ దాన్నే మార్కెట్ విలువగా పరిగణించాలని పాలసీ షరతే చెబుతుంది. మధ్యలో మళ్లీ తరుగుదల తీయకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు ఈ షరతు విలువ బాగా తెలిసివచ్చింది. కొత్త కార్ల ధరలు దిగాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్ ధరలూ వాటి వెంట దిగక తప్పదు. అయినా అంతకు ముందే తీసుకున్న పాలసీలో రాసి ఉన్న ఐడీవీ, ఆ పాలసీ గడువు ముగిసేదాకా పాత ధర మీదే నిలుస్తుంది. అలాంటి కారు ఆ ఏడాది నవంబరులో నుజ్జయితే, బజారులో ఇప్పుడు అంత పలకడం లేదన్న వాదన చెల్లదు. రెన్యువల్ తర్వాత జరిగిన ప్రమాదానికి మాత్రం కొత్త ధర నుంచే లెక్క మొదలవుతుంది.

ఐదేళ్లు దాటిన బండ్లకు పట్టిక లేదు. బీమా కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న విలువే ఐడీవీ అవుతుంది. ప్రీమియం నాలుగు వందలు తగ్గుతుందని ఆన్‌లైన్‌లో ఐడీవీని అడుగుకు లాగేసే అలవాటు ఇక్కడే కొంప ముంచుతుంది. ఎందుకంటే ఆ అంకె చెల్లింపుకు పరిమితి మాత్రమే కాదు, బండి మరమ్మతుకు వెళ్లాలా, టోటల్ లాస్, అంటే పూర్తి నష్టం కిందికి వెళ్లాలా అని తేల్చే కొలబద్ద కూడా అదే. ఐడీవీ బాగా తగ్గించి రాయించుకున్న ఎనిమిదేళ్ల కారు ముందు భాగం దెబ్బతింటే, నిజానికి బాగుచేసుకోదగ్గ బండి కూడా కాగితం మీద టోటల్ లాస్ అయిపోతుంది.

మరమ్మతు ఖర్చు అనే రెండో అంకె

వర్క్‌షాపు ఇచ్చే ఎస్టిమేషన్‌ను నష్టంగా భావించడం మామూలే గాని, అది నష్టానికి మొదటి అంచనా మాత్రమే. బంపర్, బానెట్, రేడియేటర్, హెడ్‌ల్యాంపులు బయటికి కనిపిస్తాయి. ముందు చక్రాల మధ్య ఇంజన్‌ను మోసే సైడ్ మెంబర్లు, డాష్‌బోర్డు వెనక ఉండే గోడ, తలుపుల నడుమ స్తంభాలు వంగాయా లేదా అన్నది విప్పితే తప్ప తెలియదు. ఇప్పటి కార్లలో చాలావాటికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అందువల్ల టింకరింగ్ పని చేసే అనుభవజ్ఞుడు మొదట చూసేది సొట్టలను కాదు, సందులను. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య ఉన్న సందు ఒక చివర వేలు పట్టేంతగా, మరో చివర కాగితం దూరనంతగా ఉంటే లోపలి చట్రం జరిగిందని అర్థం. ఆ పైన ఇంజన్ గదిలో ఎడమ వెనక మూల నుంచి కుడి ముందు మూలకు, కుడి వెనక మూల నుంచి ఎడమ ముందు మూలకు టేపు పట్టి చూస్తారు. తయారీదారు ఇచ్చిన కొలతతో పోల్చితే కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా, పని డెంటింగ్ స్థాయి దాటి చట్రాన్ని బెంచి మీదికెక్కించి లాగాల్సిన స్థాయికి చేరినట్టే.

తర్వాత వచ్చేది ఎయిర్‌బ్యాగుల లెక్క. రెండు ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే వాటితోపాటు వాటిని నడిపే మాడ్యూల్, బిగుసుకుపోయిన సీటు బెల్టులు, చాలాసార్లు పగిలిన డాష్‌బోర్డు కూడా మార్చాలి. బయటికి పెద్దగా చెదరని చిన్న కారు ఒక్కసారిగా టోటల్ లాస్ దరిదాపులకు వెళ్లడానికి తరచూ ఇవే కారణం. ఎలక్ట్రిక్ కార్లలో ఆ స్థానం బ్యాటరీది. బండి ధరలో పెద్ద వాటా దానిదే కాబట్టి, అడుగున ఉన్న ప్యాక్ పెట్టెకు గట్టి దెబ్బ తగిలితే మిగతా బండి ఎంత బాగున్నా లెక్క మారిపోతుంది.

విశాఖలో దీనికి తోడయ్యేది తుప్పు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, భీమిలి వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన బండ్ల అడుగు భాగాలను ఉప్పుగాలి తినేస్తుంది. అలాంటి బండి ఢీకొన్నప్పుడు తుప్పు పట్టిన చోట ఇనుము వంగడానికి బదులు చిరుగుతుంది, వెల్డింగు పట్టదు, ఒక ముక్క మార్చబోతే పక్క ముక్క కూడా మార్చాల్సి వస్తుంది. ఖర్చు పెరుగుతుంది గాని, పెరిగిన ఖర్చంతా బీమా కిందికి రాదు. పాత అరుగుదలకు పాలసీలో చోటు లేదు కాబట్టి, ఎంత భాగం ప్రమాదం వల్ల పోయింది, ఎంత భాగం అప్పటికే పోయి ఉంది అని నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్ వేరు చేస్తాడు. యజమానికి చిరాకు తెప్పించేదే అయినా ఇది న్యాయమైన కోతే. కోత ఎంత అన్న దాని మీద మాత్రం వాదనకు ఎప్పుడూ తావుంటుంది, ఫొటోలు తీసి పెట్టుకున్నవారి వాదనే నిలుస్తుంది.

డెబ్బై ఐదు శాతం గీత

బండిని బయటికి తీయడానికి, మరమ్మతు చేయడానికి అయ్యే మొత్తం ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌తో సమానంగా చూడాలన్నది సాధారణ పాలసీలో ఉన్న నిబంధన. అందులో బయటికి తీయడానికి అన్న మాట ఊరికే లేదు. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో లోయలోకి జారిన కారును క్రేనుతో పైకి లాగి నగరానికి చేర్చే ఖర్చు కొన్నిసార్లు లెక్కను తారుమారు చేసేంత ఉంటుంది. పాలసీలో ప్రైవేటు కారు టోయింగ్‌కు విడిగా ఇచ్చేది మామూలుగా 1,500 రూపాయలే. అదనపు కవరు లేకపోతే మిగతాది యజమాని చేతిచమురే.

అసలు చిక్కు పాలసీ షరతులకు లోబడి అన్న మాటలో ఉంది. వర్క్‌షాపు ఎస్టిమేషన్ మొత్తాన్ని గీతతో పోల్చాలా, విడి భాగాల మీద తరుగుదల తీసేశాక కంపెనీ మీద పడే ఖర్చును పోల్చాలా? ఒక లెక్క వేసి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది.

ఊహకోసం ఒక కారు తీసుకుందాం. ప్రకటిత ధర 9,00,000, వయసు రెండేళ్లు దాటి మూడేళ్లు నిండలేదు కాబట్టి 30 శాతం పోగా ఐడీవీ 6,30,000. అందులో 75 శాతం 4,72,500. అగనంపూడి వైపు ముందున్న లారీని వెనకనుంచి గుద్దుకున్న ఆ కారుకు విప్పి చూశాక వచ్చిన ఎస్టిమేషన్ 5,40,000. ఇందులో ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగులు కలిపి 1,60,000. లోహపు భాగాలు 2,40,000. అద్దాలు 20,000. కూలి 80,000. పెయింటింగ్ 40,000. పాలసీ ప్రకారం ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల కాబట్టి 80,000 పోతుంది. ఈ వయసు బండి లోహపు భాగాల మీద 15 శాతం, అంటే 36,000 పోతుంది. అద్దాల మీద తరుగుదల లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని దాని మీద సగం కోస్తారు కనుక అక్కడ 5,000 పోతుంది. మొత్తం కోత 1,21,000. చిన్న కారుకు యజమానే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు మరో 1,000. కంపెనీ ఇవ్వాల్సింది 4,18,000.

ఎస్టిమేషన్‌ను చూస్తే అది ఐడీవీలో దాదాపు 86 శాతం, అంటే టోటల్ లాస్. కంపెనీ మీద పడే ఖర్చును చూస్తే 66 శాతం, అంటే మరమ్మతే. ఇదే బండికి తరుగుదల కోయని జీరో డెప్ కవరు ఉండి ఉంటే కంపెనీ ఖర్చు 5,39,000 అయ్యేది, గీత దాటేది. అదే చోట, అదే వేగంతో, అదే దెబ్బ తగిలిన రెండు కార్లలో ఒకటి షెడ్డుకూ మరొకటి తుక్కుకూ వెళ్లడానికి కారణం ఇనుము కాదు, కాగితం. కొన్ని వేలు ఎక్కువ పెట్టి జీరో డెప్ తీసుకున్నవారికి మరమ్మతు ఉచితం అవుతుందన్నదే తెలుసు గాని, టోటల్ లాస్ గీత దగ్గరవుతుందన్నది తెలిసినవారు తక్కువ.

సర్వేయర్లు సాధారణంగా చూసేది షరతులు వర్తింపజేశాక మిగిలే ఖర్చునే. పాలసీ వాక్యాన్ని పూర్తిగా చదివితే ఆ పద్ధతే దానికి దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి. అయితే 1,22,000 సొంత డబ్బు పెట్టి, చట్రం లాగించిన కారును తిరిగి తీసుకోవాల్సిన యజమానికి ఇది రుచించదు. పైగా పెద్ద ప్రమాద చరిత్ర ఉన్న కారు ఎంత బాగుచేసినా సెకండ్‌హ్యాండ్‌లో ధర పడిపోతుంది, ఆ పడిపోయిన ధరకు పాలసీ ఏమీ ఇవ్వదు.

ఎవరూ పట్టించుకోని మూడో అంకె

ఇక్కడే సాల్వేజ్ ప్రవేశిస్తుంది. మరమ్మతు చేయించడమా, భాగాలు మార్చి ఇవ్వడమా, డబ్బు ఇవ్వడమా అన్న ఎంపికను పాలసీ కంపెనీకే వదిలింది. టోటల్ లాస్ అయితే కంపెనీ బాధ్యత ఐడీవీ నుంచి ఆ నుజ్జయిన బండి విలువ తీసివేయగా మిగిలినంత అని కూడా అదే షరతు చెబుతుంది. కాబట్టి కంపెనీ తనకు ఏది చవకో లెక్క వేసుకుంటుంది. మరమ్మతు మార్గంలో దాని ఖర్చు 4,18,000. టోటల్ లాస్ మార్గంలో ఐడీవీ నుంచి ఆ 1,000 పోగా 6,29,000 ఇచ్చి బండిని తాను అమ్ముకుంటే, సాల్వేజ్ కొనుగోలుదారు 2,20,000 ఇస్తానంటే, నికరంగా పోయేది 4,09,000. అంటే 75 శాతం గీత దాటకపోయినా టోటల్ లాసే దానికి లాభం. కొనుగోలుదారు 1,50,000 దగ్గరే ఆగిపోతే నికర ఖర్చు 4,79,000 అవుతుంది, అప్పుడు మరమ్మతు వైపు మొగ్గుతుంది. డెబ్బై వేల తేడా ఉన్న ఒక వేలం పాట బండి భవిష్యత్తును మార్చేసింది.

ఆ కొనుగోలుదారు 2,20,000 ఎక్కడినుంచి తెచ్చాడు? అతడు వెనకనుంచి ముందుకు లెక్కవేస్తాడు. దెబ్బ తగలకపోతే బజారులో ఆరున్నర లక్షలు పలికే బండి, ప్రమాద చరిత్రతో బాగుచేసి అమ్మితే 4,80,000 పలుకుతుందనుకుందాం. గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డులో, పాత బండ్ల నుంచి ఊడదీసిన డోర్లు, బానెట్, లైట్లు వేసి బాగుచేయడానికి 2,10,000 అవుతుంది. తన లాభం, అటూ ఇటూ తిరిగే ఖర్చు కలిపి 50,000. మిగిలిందే అతడు ఇవ్వగల ధర. అధీకృత వర్క్‌షాపులో 5,40,000 అయ్యే పని బయట 2,10,000కు జరగడంలో మాయ ఏమీ లేదు. కొత్త భాగాలకు బదులు పాత భాగాలు, మార్చడానికి బదులు సరిచేయడం, ఎయిర్‌బ్యాగులు తిరిగి పెట్టకుండా డాష్‌బోర్డు మూసేయడం దాని రహస్యం. చివరిదాన్ని చవక పని అనడం తప్పు, అది ప్రమాదకరమైన పని.

ఆ లెక్కంతా ఆర్సీతో సహా బండి చేతికొస్తేనే నిలుస్తుంది. ఆర్సీ రద్దయి వస్తే బండి బండిగా అమ్ముడుపోదు, భాగాలుగానే అమ్ముడుపోతుంది. ఇంజన్, గేర్‌బాక్సు, ఏసీ కంప్రెసర్, అల్లాయ్ చక్రాలు, ప్లాటినం జాతి లోహాలుండే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ పోగా మిగిలేది తూకానికి వేసే ఇనుము. అప్పుడు ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉండడం వల్ల, ఒడిశా సరిహద్దు దగ్గర కావడం వల్ల, ఇతర రాష్ట్రాల రిజిస్ట్రేషన్ ఉన్న కార్లు చాలా కనిపిస్తాయి. అలాంటి బండి నుజ్జయితే కొనేవాడు ఆ రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడం వంటి తలనొప్పులన్నీ ధరలోంచి ముందే కోసుకుంటాడు.

దెబ్బ ఎలా తగిలిందన్నది మూడో అంకెను అన్నిటికంటే ఎక్కువగా మారుస్తుంది, అదీ కంటికి కనిపించేదానికి తలకిందులుగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు కూలి వాటి కింద కార్లు నలిగాయి. చెట్టు కింద పడిన కారును చూస్తే గుండె గతుక్కుమంటుంది. పైకప్పు సీట్లకు తాకుతుంది, స్తంభాలు వంగిపోతాయి, అద్దాలన్నీ పొడి అవుతాయి. కాని బానెట్ తెరిచి చూస్తే ఇంజన్, గేర్‌బాక్సు, రేడియేటర్ చెక్కుచెదరకుండా ఉండవచ్చు. మరమ్మతు ఖర్చు తడిసి మోపెడవుతుంది గాని భాగాలకు గిరాకీ ఉంటుంది కాబట్టి సాల్వేజ్ బాగానే పలుకుతుంది.

నీట మునిగిన కారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. జ్ఞానాపురం, చావులమదుం వంటి పల్లపు దారుల్లో వాన నీటిలో చిక్కుకున్న బండిని కడిగి నిలబెడితే కొత్తదానిలా మెరుస్తుంది. ఒక్క గీత కూడా ఉండదు. అనుభవమున్న సర్వేయర్ ముందు చూసేది నీరు ఎంత ఎత్తుకు వచ్చిందని. కార్పెట్ ఎత్తి కింది స్పాంజి నొక్కుతాడు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి, ఎప్పుడూ చుట్టలోనే ఉండే భాగం మీద బురద గీత ఉందేమో చూస్తాడు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఇంజన్‌లోకి నీరు చేరిందని తేలిపోతుంది. నీరు సీటు ఎత్తు దాటితే సీట్ల కింద, పక్క ప్యానెళ్ల వెనక ఉన్న వైరింగ్, కంట్రోల్ యూనిట్లు ఇవాళ పనిచేసినా ఆరు నెలల తర్వాత మొండికేస్తాయి. ఆ సంగతి కొనేవారందరికీ తెలుసు కనుక సాల్వేజ్ ధర అడుగంటుతుంది. సముద్రపు నీరు తాకిందంటే మరీనూ.

మునిగిన బండి విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. నీటిలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్టు చేస్తే, సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుడుకు లొంగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దాన్ని తుపాను వల్ల నేరుగా కలిగిన నష్టంగా కాక, స్టార్టు చేయడం వల్ల వచ్చిన తదుపరి నష్టంగా చూసి, ఇంజన్ ప్రొటెక్షన్ కవరు లేకపోతే కంపెనీలు తిరస్కరిస్తాయి. ఒక్కసారి తాళం తిప్పినందుకు ఇంజన్ ఖరీదు క్లెయిములోంచి పోతుంది, ఆ మేరకు టోటల్ లాస్ గీత కూడా అందకుండా పోతుంది.

డబ్బు ఎవరి చేతికి

సాల్వేజ్‌ను కంపెనీ తీసుకోకుండా యజమానికే వదిలి, దాని విలువ కోసి మిగతా డబ్బు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. పై ఉదాహరణలో చేతికొచ్చేది 4,09,000, దానితోపాటు నుజ్జయిన బండి. ఈ పద్ధతికి ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆ 2,20,000కు కొనేవాడు నిజంగా ఉన్నాడా, లేక అది కాగితం మీది అంచనాయా? పాట పాడిన కొనుగోలుదారు, అతడి ధర, ఆ ధర ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవి రాతపూర్వకంగా లేకుండా సాల్వేజ్‌ను నెత్తికెత్తుకుంటే, బజారులో దొరికే తక్కువ ధరకూ కాగితం మీది ధరకూ ఉన్న తేడా యజమాని నష్టమవుతుంది. వర్క్‌షాపు ఆవరణలో బండి నిలిచి ఉన్నన్ని రోజులూ పార్కింగ్ రుసుము కూడా పెరుగుతూనే ఉంటుంది.

బండి మీద అప్పు ఉంటే పరిస్థితి మరింత ఇరుకు. బీమా డబ్బు ముందు వెళ్లేది ఫైనాన్స్ ఇచ్చిన బ్యాంకుకే. ఎనిమిది లక్షల అప్పు, ఏడేళ్ల గడువు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా సుమారు 13,000. ముప్పై వాయిదాలు కట్టాక కూడా 5,70,000కు పైగా బాకీ మిగులుతుంది. కంపెనీ 6,29,000 ఇచ్చి బండి తీసుకుంటే యజమానికి దక్కేది అరవై వేల లోపు. సాల్వేజ్ తనకే వదిలి 4,09,000 ఇస్తే అదంతా బ్యాంకుకే పోయి, ఇంకా లక్షా అరవై వేలు బాకీ నిలుస్తుంది. ఆ బాకీ తీరి, బ్యాంకు ఫారం 35 మీద సంతకం పెట్టేదాకా ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు నమోదు తొలగదు, అది తొలగనిదే నుజ్జయిన బండికి మంచి ధర పలకదు. అప్పు మీద ఉన్న కారుకు సాల్వేజ్ యజమానికి వదిలే పద్ధతి దాదాపు ఎప్పుడూ నష్టమే.

కొత్త కారుకు ఇన్‌వాయిస్ ధర మొత్తం ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ కవరు ఉన్నవారికి ఇంకో రకం ఘర్షణ ఎదురవుతుంది. ఆ కవరు బండి దొంగతనమైనప్పుడు, టోటల్ లాస్ అయినప్పుడు మాత్రమే పలుకుతుంది. కాబట్టి యజమానికి టోటల్ లాస్ కావాలి, కంపెనీకి మరమ్మతు కావాలి. ఇలాంటి క్లెయిముల్లో విప్పిన తర్వాత ఇచ్చే రెండో ఎస్టిమేషన్‌లోని ఒక్కో పంక్తి మీదా బేరం నడుస్తుంది.

ద్విచక్ర వాహనాల్లో ఈ తంతు అంతా చిన్న మొత్తాల మీద జరుగుతుంది, ఫోర్క్, ఛాసిస్ వంగితే గీత త్వరగా దాటుతుంది. లారీలు, ఆటోల యజమానులకు బండి విలువకంటే అది నిలిచిపోయిన రోజుల సంపాదన పెద్ద నష్టం, దానికి మామూలు పాలసీలో చోటు లేదు.

సొంత నష్టానికి కవరు లేక థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కారుకు ఐడీవీ ఉండదు. తప్పు ఎదుటి బండిదైతే దాని థర్డ్ పార్టీ బీమా మీద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో ఆస్తి నష్టం అడగవచ్చు. ఎదుటిది కారైతే మామూలు పరిమితి 7,50,000, ద్విచక్ర వాహనమైతే 1,00,000. అక్కడ మూడు అంకెలనూ యజమానే రుజువు చేయాలి. అదే ఏడాది, అదే మోడల్, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లు ప్రమాదం నాటికి ఎంతకు అమ్మకానికి ఉన్నాయో చూపే ప్రకటనలు, సర్వీసు రికార్డు, లైసెన్సున్న సర్వేయర్ అంచనా, బండిని చివరకు అమ్మిన రసీదు ఇందుకు పనికొస్తాయి.

సర్వేయర్ అంకెలు తప్పనిపిస్తే నివేదిక ప్రతి అడిగి తీసుకోవాలి. అది తిరుగులేని తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే ఒక వాహన నష్టం కేసులో చెప్పింది. కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పని జరగకపోతే ఆంధ్రప్రదేశ్ క్లెయిములను చూసే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. కాకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. ఈ వేదికల్లో సాల్వేజ్ పాటల కాగితాలు, తేదీలు ఉన్న ఫొటోలు మాటలకంటే బరువు తూగుతాయి.

బండి ఇక రోడ్డెక్కదని తేలాక మిగిలేది ఆర్సీ పని. శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయిన వాహనం సంగతిని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్సీ అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ చెబుతోంది. బండిని ఆర్సీతో సహా అమ్మితే పేరు మార్పిడి పూర్తయ్యేదాకా వెంటపడాలి. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని, ఆ బండి చేసే ప్రమాదానికి పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నుజ్జయిన బండి ఆర్సీని, ఛాసిస్ నంబరునూ దొంగిలించిన అదే మోడల్ కారుకు అంటగట్టే ముఠాలకు కావాల్సింది కూడా రద్దు కాని ఆర్సీయే. సాల్వేజ్ కొనేవాడు ఇనుము విలువకు పొంతన లేని ధర ఇస్తానంటూ ఆర్సీ తప్పనిసరిగా కావాలని పట్టుబడితే, ఆ అదనపు ధర దేనికో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.